గొంతు మాది, బొమ్మ ఎవరిది?

1997 ఆగస్టు. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండాయి. కేబుల్ తీగ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే పాట. ఎ.ఆర్. రహమాన్ జుట్టు విరబోసుకుని, చేతులు బార్లా చాపి, గొంతు చించుకుని పాడుతున్నాడు - ‘మా తుఝే సలాం’. మా మొహల్లా హోటల్లో చాయ్ తాగేవాళ్లు కప్పు కింద పెట్టి మరీ చూసేవాళ్లు. ‘మనోడే’ అని ఒకరు. ‘రాసిన మెహబూబ్ కూడా మనోడే’ అని ఇంకొకరు. 1992 డిసెంబర్ 6 తర్వాత దించుకున్న తలలు ఆ నాలుగైదు నిమిషాలు కాస్త పైకి లేచేవి.

ఆ రోజుల్లోనే మాలో ఒకడు చదివే కాలేజీలో జెండా పండగ జరిగింది. క్యాసెట్లో ఆ పాట పెట్టారు. అందరూ గొంతు కలిపారు. మావాడూ కలిపాడు. ఇష్టంగానే కలిపాడు. నడిమధ్యలో పక్కకు చూస్తే నలుగురైదుగురు పాట మానేసి వాడి పెదాలకేసి చూస్తున్నారు. వీడు నిజంగా పాడుతున్నాడా, ఊరికే నోరు కదుపుతున్నాడా అని. పాడినవాడు సాయిబే, రాసినవాడు సాయిబే. పరీక్ష మాత్రం మళ్లీ సాయిబుకే!

ముస్లిం అస్తిత్వం గురించి రాయమంటే పాప్ వీడియోల గురించి రాస్తారేమిటని మిత్రులు అడగొచ్చు. నవ్వొచ్చు కూడా. కానీ మా పిల్లలు ఈ దేశంలో తామెవరో తెలుసుకున్నది పాఠ్యపుస్తకాల్లో కాదు, టీవీ తెర మీద. రేడియో రోజుల్లో పాట చెవికే వచ్చేది. బొమ్మ ఎవరికి వారు గీసుకునేవాళ్లు. ఒకే పాటకు మా అమ్మీ మనసులో ఒక బొమ్మ, మా అబ్బా మనసులో ఇంకో బొమ్మ. తొంభైల్లో శాటిలైట్ చానళ్లొచ్చాక పాటకు ఒక ఒళ్లు, ఒక ముఖం వచ్చాయి. అందరి బొమ్మలూ చెరిపేసి ఒకే బొమ్మ అతికించారు. ఆ బొమ్మను ఎవరు ఎంచుతున్నారన్నది సరదా ప్రశ్న కాదు, అధికారానికి సంబంధించిన ప్రశ్న.

వీడియో పాటకు న్యాయం చేసిందా లేదా అని తేల్చడానికి మేం మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. పాడుతున్నదెవరు? ఎవరితో పాడుతున్నారు? ఎక్కడ నిలబడి పాడుతున్నారు? పాటలో చందమామ అనగానే తెర మీద చందమామను చూపడం న్యాయం కాదు. అది పలక మీద అక్షరాలు దిద్దడం. పాట లోపల ఉన్న మనిషిని బయటికి తేవడం న్యాయం.

ముందు ‘ఆఫ్రీన్ ఆఫ్రీన్’ చూద్దాం. 1996లో వచ్చిన ‘సంగమ్’ ఆల్బమ్‌లోది. జావేద్ అఖ్తర్ రాస్తే నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాడాడు. మన ప్రబంధ కవులు నాయికను నఖశిఖ పర్యంతం వర్ణించినట్టే ఉర్దూలో ‘సరాపా’ అని ఒక పద్ధతి ఉంది. ఈ పాట ఆ తోవలోదే. ‘ఆఫ్రీన్’ అంటే శభాష్, భళా అని పొగడ్త. అయితే ఫార్సీలో ‘జహాన్ ఆఫ్రీన్’ అంటే లోకాన్ని సృష్టించినవాడు. అంటే అందాన్ని మెచ్చుకునే మాటలోనే ఆ అందాన్ని చేసినవాడి ఊసు కూడా నక్కి ఉంది. ఎదుట ఉన్నది ప్రియురాలా, పరమాత్మా అన్నది తేల్చకుండా వదిలేయడం మా కవ్వాలీ, గజల్ సంప్రదాయంలో పెద్ద అందం. తలుపు తీసే ఉంటుంది. ఎవరు ఎంత లోపలికి పోగలిగితే అంత.

వీడియో ఆ తలుపు మూసింది. ఎడారిలో లీసా రే నడుస్తుంది, చూస్తుంది, చీకట్లో వెలుగులో మెరుస్తుంది. ఆడమనిషి అందం చూపారని ముల్లాల్లాగా గొడవ చేయడం మా ఉద్దేశం కాదు. పాట పొగిడిందే అందాన్ని. ఆమె కళ్లు ఆ పొగడ్తకు తగినవే. మాటల వరకు వీడియో న్యాయమే చేసింది. అన్యాయం జరిగింది పాడే పద్ధతికి.

కవ్వాలీ ఒక్కడు పాడేది కాదు. కింద జంపఖానా మీద గుంపుగా కూర్చుంటారు. హార్మోనియం, తబలా, చప్పట్లు. ముందువాడు మాట అందిస్తాడు, వెనకవాళ్లు అందుకుని తిరిగిస్తారు. వినేవాళ్లలో ఎవరికైనా ఒక మాట దగ్గర ‘హాల్’ వచ్చిందనుకోండి, ఆ మనిషి మళ్లీ తనలోకి తాను వచ్చేదాకా కవ్వాలులు ఆ మాటనే తిప్పి తిప్పి పాడతారు. ముందుకు పోరు. హైదరాబాద్‌లో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మహఫిళ్లు విన్న పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. నుస్రత్ కూడా ‘ఆఫ్రీన్’ అన్న మాటను అట్లాగే పట్టుకున్నాడు. ఒకే మాటను పదిసార్లు అని పది మెట్లు లోపలికి దిగాడు. వీడియో మాత్రం ఆ పదిసార్లకు పది కోణాలు, పది దుస్తులు చూపి పైపైనే జారిపోయింది. పాటలో మళ్లీ మళ్లీ అనడం ధ్యానం. తెర మీద అదే మళ్లీ మళ్లీ చూడడం అయింది. భారీ శరీరంతో కూర్చుని, చెయ్యి పైకెత్తి స్వరాన్ని గాల్లోంచి అందుకునే ఆ మనిషి ఈ పాటకు అసలు దృశ్యం. ఆ దృశ్యం మార్కెట్‌కు పనికి రాలేదు. గొంతు పనికొచ్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2016లో, పాకిస్తాన్ కోక్ స్టూడియోలో నుస్రత్ తమ్ముడి కొడుకు, వారసుడు రాహత్ ఫతే అలీ ఖాన్, మోమినా ముస్తెహ్సన్ ఇదే పాట పాడారు. మాటలు కొన్ని మారాయి. కవ్వాలీ బరువు తగ్గి పాట పలచబడింది. కానీ అక్కడ కథ లేదు, ఎడారి లేదు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, వాళ్ల చేతులు, ఒకరికేసి ఒకరు చూసుకునే చూపులు. అంతే. మంచి పాటకు అబద్ధపు బొమ్మ ఒకప్పుడు, పలచని పాటకు నిజాయితీ బొమ్మ ఇంకొకప్పుడు! రెండూ కలిసి దొరకడం ఎంత కష్టమో చూడండి.

ఇప్పుడు మళ్లీ ‘మా తుఝే సలాం’ దగ్గరికి వద్దాం. దాని వెనక ఉన్న పాత గొడవ తెలియకుండా దాన్ని తూచలేం. ‘వందేమాతరం’ గీతం బంకించంద్ర ఛటర్జీ ‘ఆనందమఠ్’ నవలతో, 1882లో, జనంలోకి వచ్చింది. తర్వాతి చరణాల్లో దేశమాతను దుర్గతో పోల్చడం మీద ముస్లింలకు అభ్యంతరం ఉంది. అందుకే 1937లో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. దేశాన్ని ప్రేమించడం మాకు కష్టం కాదు. దేవతగా మొక్కమంటేనే చిక్కు.

మాకు ఇబ్బందిగా ఉన్న నిజం కూడా చెప్పుకోవాలి. 1938లో నిజాం ఏలుబడిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ఇదే గీతం పాడినందుకు హిందూ విద్యార్థులను బయటికి గెంటారు. చాలామంది నాగపూర్ పోయి చదువుకోవలసి వచ్చింది. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. పాడొద్దన్నందుకు ఆనాడు వాళ్లకు అవమానం. పాడి తీరాలన్నందుకు ఈనాడు మాకు అవమానం. పాటను పరీక్ష కాగితం చేసినవాడు నిజామైనా, నినాదాలవాడైనా పాటకు చేసింది ద్రోహమే.

ఈ చరిత్ర మీద నిలబడి చూస్తే మెహబూబ్ ‘సలాం’ అనడం చిన్న పని కాదు. వందనం, సలాం - రెండూ తల వంచే మాటలే. కానీ సలాం మా ఇంటి మాట. మనిషికి మనిషి చెప్పుకునే మాట. తల్లికి బిడ్డ చెప్పే మాట. భరత్ బాలా తీసిన వీడియో కూడా ఆ మాటను పట్టుకుంది. అందులో సింహం మీద కూర్చున్న దేవత లేదు. ముడతలు పడ్డ ముఖాలున్నాయి, పిల్లలున్నారు, తలపాగాల రైతులున్నారు, గాలిలో ఎగిరే గుడ్డ ఉంది, జనమంతా చేతులేసి ఎత్తే జెండా ఉంది. తల్లి అంటే జనమే అని తెర చెప్పింది. నూరేళ్ల మా అభ్యంతరానికి ఏ ఉపన్యాసమూ ఇంత సూటిగా జవాబివ్వలేదు.

ఇంకో మంచి పని కూడా జరిగింది. సినిమాలో పాడేవాడు తెర వెనక ఉంటాడు, పెదాలు హీరోవి. ఇక్కడ రహమాన్ తన పాటను తన పెదాలతో పాడాడు. మెరుగులు దిద్దిన గొంతు కాదది. పై స్వరంలో జీరపోతుంది, తెగిపోతుందేమో అనిపిస్తుంది. మాకు అందులో దూరపు మినార్ నుంచి వచ్చే పిలుపు వినిపిస్తుంది. నటుడి పెదాలతో ఆ పిలుపు వచ్చేది కాదు. పాడుతున్నదెవరు, ఎవరితో - ఈ రెండు ప్రశ్నలకూ వీడియో నెగ్గింది.

మూడో ప్రశ్న దగ్గర తడబడింది. ఎక్కడ నిలబడి? మళ్లీ ఎడారిలోనే! నుస్రత్ పాటకూ ఇసుకే, రహమాన్ పాటకూ ఇసుకే. ఎందుకింత ఇష్టం ఎడారంటే? ఎడారిలో సందు ఉండదు. పక్కింటివాడు ఉండడు. రేషన్ షాపు లేదు, పోలీస్ పికెట్ లేదు, ఇల్లు అద్దెకివ్వం అనే ఓనరు లేడు. చరిత్ర లేని చోట నిలబడి దేశాన్ని ప్రేమించడం తేలిక. అదే రహమాన్, అదే మెహబూబ్ 1995లో ‘బొంబాయి’ హిందీ పాటలు చేశారు. ఆ సినిమా ఆ నగరపు అల్లర్ల గురించే. ఆ నగరపు సందులోంచి ఒక్క ముసలమ్మ వచ్చి ఈ వీడియోలో సలాం చెప్పి ఉంటే, ఆ సలాం బరువు వేరుగా ఉండేది. అన్నీ చూసి కూడా చెప్పిన సలాం అయ్యేది. తెర మీద అందమైన పేదరికం ఉంది, గాయపడ్డ వాడ లేదు. అయినా తూకం వేస్తే వీడియో పాటకు ముప్పాతిక న్యాయం చేసింది. మిగతా అన్యాయం బయటివాళ్లది. కానుకగా ఇచ్చిన సలాంను వాళ్లు హాజరు పట్టీ చేశారు.

అదే ఆల్బమ్‌లో ఇంకో పాట ఉంది, ‘గురూస్ ఆఫ్ పీస్’. రహమాన్‌తో కలిసి నుస్రత్ పాడాడు. హిందుస్తాన్ యాభై ఏళ్ల పండగకు పాకిస్తాన్ గొంతు! 1997 ఆగస్టు 16న, పండగ మర్నాడే, నుస్రత్ లండన్‌లో చనిపోయాడు. నలభై ఎనిమిదేళ్లే. ఆ సంగతి తల్చుకుంటే ఆ పాట మాకు వేరేగా వినిపిస్తుంది.

ఇక్కడిదాకా మా ఫిర్యాదు ఒకటే. గొంతు మాది, బొమ్మ వేరేవాళ్లది. అయితే 2000లో వచ్చిన ఒక వీడియో మా ఫిర్యాదునే తలకిందులు చేసింది. ‘మన్ కే మంజీరే’. మనసు గజ్జెలు అనుకోవచ్చు. ప్రసూన్ జోషి రాశాడు, శంతను మొయిత్రా బాణీ కట్టాడు, శుభా ముద్గల్ పాడింది, మీతా వశిష్ఠ్ నటించింది. స్త్రీల హక్కుల కోసం ‘బ్రేక్‌త్రూ’ అనే సంస్థ తెచ్చిన ఆల్బమ్. లెక్క చూస్తే గొంతూ మాది కాదు, ముఖమూ మాది కాదు. కానీ ఆ కథ గుజరాత్‌లోని ఒక ముస్లిం స్త్రీది. హింసించే కాపురం వదిలి, బండి నడిపి బతికిన మనిషిది.

పాటలో ట్రక్కు లేదు, మొగుడు లేడు. మనసు గజ్జెల్లాగా మోగుతోందన్న సంతోషమే ఉంది. వీడియో స్టీరింగు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దారిలో ఆడవాళ్లు ట్రక్కెక్కుతారు, ఆడతారు, నవ్వుతారు. ఒక్కసారిగా ఆ సంతోషం ఎందుకో, ఎన్ని దెబ్బల తర్వాత వచ్చిందో అర్థమవుతుంది. పాటలో లేనిది వీడియో తెచ్చింది, కానీ పరాయిది తేలేదు. పాటకు లేని నేలను ఇచ్చింది. ఇక్కడ దారికి గమ్యం ఉంది, ఆమెకు పని ఉంది, వెనక్కి పోకూడని ఇల్లు ఉంది.

అప్పుడు మాకు తెలిసింది, మేం అడగవలసింది ఎవరి ముఖం అని మాత్రమే కాదు, ఎవరి బతుకు అని. మా ముఖాన్ని పెట్టుకుని మా బతుకును దాచే వీడియోలున్నాయి. మా ముఖం లేకుండానే మా బతుకును చెప్పిన వీడియో ఇదుంది. ఇంకో మాట. ఈ వీడియో మెజారిటీని అడిగిన దానికన్నా మాలో మగవాళ్లను ఎక్కువ అడిగింది. ఆమెను ఇల్లు విడిచేలా చేసింది ఏ దంగాకోరూ కాదు. మా ఇంటి మగాడి చెయ్యి. మసీదు కూలిందని ఏడ్చిన మేం ఆ చెయ్యి గురించి ఎన్ని వ్యాసాలు రాశాం? ఆ ఒక్క ప్రశ్నకే ఈ వీడియోకు రుణపడి ఉన్నాం. రెండేళ్లకు, 2002లో, అదే గుజరాత్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లం కనుక ఆ ట్రక్కు దారి ఇప్పుడు చూస్తే గుండె ఇంకో రకంగా పట్టేస్తుంది.

ఇప్పుడు కెమెరా మా చేతుల్లోనే ఉంది. ఫోను ఉన్న ప్రతి పిల్లవాడూ వీడియో తీస్తున్నాడు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగకు తెలుగులో పాడే పాటలున్నాయి. అలావా చుట్టూ సాయిబులూ, మాదిగలూ, కురుమలూ, అన్ని కులాలవాళ్లూ కలిసి ఆడేవి. కర్బలా దుఃఖాన్ని మా ఊరి యాసలో చెప్పుకునేవి. వాటికి ఎవరో వచ్చి బొమ్మ కట్టేదాకా ఆగనక్కర్లేదు. కానీ మా పిల్లలు తీస్తున్నవి చూస్తే భయమేస్తోంది. వాటిలోనూ గుర్రాలు, కత్తులు, మెరుపులు, కంప్యూటర్లో చేసిన ఎడారి! పాడే ముసలాయన ముఖం మీద మూడు క్షణాలు కూడా కెమెరా నిలవదు. మనల్ని వేరేవాళ్లు చెరిపేశారని ఇన్నాళ్లూ అన్నాం. ఇప్పుడు మనల్ని మనమే చెరుపుకుంటే ఎవరిని అడుగుతాం?

పిల్లలూ, ఆ ముసలాయన పూర్తిగా పాడేదాకా ఆగండి. ఆయన ఏ అరుగు మీద కూర్చున్నాడో, ఎవరు వింటున్నారో, చప్పట్లు ఎవరివో అన్నీ చూపండి. మా వాడు ఆ రోజు కాలేజీలో పాట మధ్యలో ఆపలేదు. పెదాలు చూసేవాళ్లను చూడనివ్వమని చివరిదాకా పాడాడు. వాడిని ఏ కెమెరా తీయలేదు. ఆ పాటకు అసలైన వీడియో అదేనని మేం ఇప్పటికీ అనుకుంటాం.