మొకం జూసి కొలువు

మన పల్లెల్లో ఒక మాటుంది: మొకం జూసి బొట్టు వెట్టుడు. ఉన్నోళ్లకు ఒక తీరు, లేనోళ్లకు ఒక తీరు మర్యాద చేసేవాళ్ల మీద విసిరే మాట ఇది. మొకం అంటే ముక్కూ కళ్లూ కాదని, కులమూ హోదా అని మన జనానికి ఎప్పటినుంచో ఎరుకే. ఎరుక లేనట్టు నటిస్తున్నది కొలువులిచ్చేవాళ్లే. బట్టల షోరూం, నర్సింగ్‌హోం, కాన్వెంటు బడి, ఎక్కడ మనిషి కావాలన్నా మంచి రూపం, ఆకర్షణీయమైన వ్యక్తిత్వం ఉండాలంటున్నారు. దీన్ని అందచందాల విషయంగా వదిలెయ్యలేం. ఇది కులం పేరు పలక్కుండా కులాన్ని అడగడమేనని మేం భావిస్తున్నాం.

నాగర్‌కర్నూల్‌నే తీసుకుందాం. 2016లో జిల్లా అయింది గాని అంతకుముందు ఇది పాలమూరులో భాగం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. కట్టలు పొయ్యడానికి, కాల్వలు తవ్వడానికి గుంపుమేస్త్రీ వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషుల్ని తోలుకపోయేటోడు. ఆయన ఏనాడూ మొకం అడగలేదు. రెక్కలు చూసిండు, తట్ట మోసే నెత్తిని చూసిండు. మొకం నల్లగుందని ఏ డ్యాం పనీ ఆగలేదు. అదే ఇంటి బిడ్డ డిగ్రీ చదివి కౌంటర్ వెనక నిలబడతానంటే మాత్రం గిరాకీ రాదట! మట్టిపనికి అడ్డంరాని మొకం ఫ్యాను కింది పనికి ఎట్ల అడ్డమొచ్చింది? గల్లాపెట్టె కాడ కూసున్న యజమాని ఎంత నల్లగున్నా గిరాకీ తగ్గిందని ఎవరూ అనరు. రంగు ఒక్కటే సమస్యయితే ముందు ఆయన లేచిపోవాలె.

ఇంటర్వ్యూలో వాళ్లు చూసే 'మొకం' ఎక్కడ తయారవుతుంది? గద్వాల పక్క సీడ్ పత్తి చేన్లల్లో క్రాసింగ్ పనికి పోయిన ఆడపిల్లల మొకాలు ఎండకు కమిలినవి. నల్లగొండలోలాగే పాలమూరు ఊళ్లల్లోనూ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపట్టినవి. పనీ, నీళ్లూ, తిండీ చేసిన ఆ గుర్తుల్ని పుట్టుకతో వచ్చిన వికారంగా లెక్కగట్టి, నవ్వు బాగలేదని తిప్పి పంపుతున్నారు.

మొకాన్ని కొలిచి మనిషి స్థానం చెప్పడం కొత్త కాదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సాంఘిక హోదా తగ్గుతుందని వాదించాడు. మద్రాసు రాష్ట్రంలో థర్‌స్టన్ అదే పనిగా ముక్కులు కొలిచాడు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసిన పుస్తకంలో ఆ ముక్కు కొలతల్నే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ ఒకే జాతివాళ్లని తేల్చాడు. వాళ్ల త్రాసుతోనే వాళ్ల తూకం తప్పని చూపాడన్నమాట. మన ఉద్యమంలో కొందరు 'నలుపే మా జెండా' అంటున్నారు. ఆత్మగౌరవానికి అది కావాలె, కాదనం. కానీ మాల మాదిగలంతా నల్లగా, పై కులాలన్నీ తెల్లగా ఉంటాయని మనమే ఒప్పుకుంటే రిస్లీ చేతికి మళ్లీ కొలబద్ద ఇచ్చినట్టే.

అసలు మొకం చూడకముందే వడబోత మొదలవుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2005లో మొదలుపెట్టి 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. చదువు సమానం, పేరొక్కటే వేరు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే అని 2007లో ప్రకటించారు. మన దిక్కు పేరులో కులం తెలియకపోతే ఇంటిపేరేంది, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ ఉంటరు అని అడుగుతారు. ఫోటో అడిగేదీ, ఎదురుగా కూసోబెట్టి చూసేదీ పేరు దాచినదాన్ని పట్టుకోవడానికే.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, తెల్లబడ్డ పిల్ల ఎయిర్ హోస్టెస్ అయినట్టు టీవీలో చూపింది. ఐద్వా పోరాడితే 2003లో ఆ ప్రకటన ఆగింది. 2020లో పేరులోంచి 'ఫెయిర్' పోయింది. డబ్బా మారలేదు, చూసే కన్నూ మారలేదు.

సర్కారు కొలువుల్లో కొంత కదలిక ఉంది. కేంద్రం 2016 నుంచి కింది స్థాయి పోస్టులకు, తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు ఎత్తేశాయి. రాతపరీక్ష దిద్దేవాడికి రాసినోడి మొకం కనపడదు. ప్రైవేటులో ఆ మాత్రం కూడా లేదు. రాజ్యాంగం 16వ అధికరణం అక్కడిదాకా పోదు. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం, ఇతరులకు తెరిచి ఉన్న ఉద్యోగం చెయ్యకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం నేరమంటుంది. కానీ కౌంటర్ దగ్గర ఎవరూ కులం పేరు ఎత్తరు. 'సెట్ కావమ్మా' అంటారు. ఆ మాటతో స్టేషన్‌కు పోతే కేసు కట్టరు. అందుకే ముందు ఆ ప్రకటనల్ని కత్తిరించి దాచాలి, ఎవరిని పిలిచారో, ఎవరిని తీసుకున్నారో, ఎవరిని ఏ మాటతో పంపించారో విద్యార్థి సంఘాలు ఊరూరా రాసిపెట్టాలి. కాదన్నప్పుడు కారణం కాగితం మీద ఇమ్మని అడగాలి.