ఆటగాండ్ర పోటీ – అంగడి పెత్తనము

పోటీ యనగానే మన పెద్దలకు కుస్తీ గోదాయు, నాటక పరిషత్తును స్ఫురించును. మన పిల్లలకు మరియొక పోటీ కలదు. ఇద్దరు ఒకే తెర యెదుట కూర్చుండి, చెరియొక బొమ్మయోధుని నడపుచు, రెప్పపాటులో దెబ్బ తీయుటయు కాచుకొనుటయు ఆ ఆట స్వరూపము. స్ట్రీట్ ఫైటర్ వానిలో పేరెన్నిక గన్నది. ఇది పిల్లచేష్ట యని త్రోసివేయరాదు. కొందరు తమ చేతులతో కట్టుకొన్న పండుగ పరుల యాజమాన్యములోనికి ఎట్లు పోవునో ఇందు స్పష్టముగా కనబడుచున్నది.

1996లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సన్నీవేల్ పట్టణమందు, నాణెములు వేసి ఆడు ఆటశాలలో సుమారు 40 మంది కూడి తలపడిరి. నిర్వాహకులును ఆటగాండ్రే, ప్రేక్షకులును ఆటగాండ్రే. 2002లో ఆ పోటీకి ఎవల్యూషన్ అని పేరు పెట్టిరి. ఈవో యని ప్రసిద్ధి. రుసుము చెల్లించిన సామాన్యుడును జగజ్జెట్టితో తలపడవచ్చును. ఈ తెరచిన తలుపే దానికి ప్రాణము. 2023లో లాస్ వేగాస్ నగరమున స్ట్రీట్ ఫైటర్ 6 ఒక్కదానికే 7,000 మందికి పైగా పేర్లిచ్చిరి. అంత జనమునకు వలయు మందిరమును, యంత్రములును చిల్లర చందాలతో సమకూరవు. కావున ధనము వచ్చుటను మేము నిందింపము.

మా ఆక్షేపణ వేరు. కుస్తీకి గాని చదరంగమునకు గాని యజమాని లేడు. ఈ ఆటలకు కలడు. 2013లో ఈవోలో మిగిలిన ఒక్క స్థానము కొరకు వేర్వేరు ఆటల అభిమానులు రొమ్ము క్యాన్సరు పరిశోధనకు విరాళములు సేకరించిరి. 2001 నాటి సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలే అభిమానులు 94,000 డాలర్లకు పైగా కూర్చి గెలిచిరి. అయినను ఆ ఆటకు యజమానియగు నింటెండో సంస్థ ప్రసారము వలదనెను. నిరసన చెలరేగగా కొన్ని గంటలలోనే వెనుకకు తగ్గెను. 2021లో సోనీ సంస్థ మరియొక సంస్థతో కలసి ఈవోను కొనెను. మరుసటి యేడు స్మాష్ ఆటలను ఆ వేదికపైకి పంపమని నింటెండో నిశ్చయించెను. 2023లో, తన అనుమతి లేని చిన్న పోటీలలో ఒకచోట 200 మందికి మించి ఆడరాదని నియమము చేసెను. అభిమానులు పన్నెండేండ్లు కాపాడుకొని నిలిపిన ఆట, యజమాని ఒక్క మాటతో వేదిక దిగెను.

2025లో సోనీ వాటాను భారతీయ సంస్థయగు నాడ్విన్ గేమింగ్ కొనెను. కనుక ఇది పరదేశపు ముచ్చట యని మనము ఊరకుండరాదు. ఈ సంచికయు ప్రకటనదాతల ఆదరణతోనే వెలువడుచున్నది. వారికి పుటల నిచ్చితిమి గాని, ఏ వ్యాసము వేయవలెనో నిర్ణయించు పనిని ఇయ్యలేదు. ఈవో యజమానులును అట్లే ఏ ఆట ఆడవలెనో నిర్ణయించుటలో ఆటగాండ్రకు స్థానమిచ్చి, సామాన్యునికి తలుపు తెరచియే ఉంచవలెనని మా అభిప్రాయము. అది లేనినాడు మందిరము ఎంత పెద్దదైనను, ఆనాటి 40 మంది పోటీకి అది వారసత్వము కాజాలదు.