ఎవరిదీ కాని సైకిలు

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో గూగుల్ ఆవరణకు ప్రహరీ గోడ లేదు. భవనాల మధ్య నుంచే ఊరి రోడ్లు పోతుంటాయి. ఆ రోడ్ల మీద, చెట్ల కింద, పచ్చిక అంచున, క్యాంటీన్ల గుమ్మాల ముందు, ఉద్యోగులు భవనాల మధ్య తిరగడానికి కంపెనీ పెట్టిన సైకిళ్ళు నిలబడి ఉంటాయి. నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఒక్కో సైకిలుకు ఒక్కో రంగు కాదు, ఒకే సైకిలు ఒంటి మీద ఇన్ని రంగులు! నల్లటి అట్లాస్‌నీ హెర్క్యులెస్‌నీ చూస్తూ పెరిగిన కంటికి మొదట ఇది పిల్లల బొమ్మలా అనిపిస్తుంది. చూడగా చూడగా ఆ రంగుల్లోని తెలివి బోధపడుతుంది. ఎంత దూరం నుంచి చూసినా ఇది ఏ ఒక్కరి సొంతమూ కాదని తెలిసిపోతుంది. తన వస్తువుకు ఎవరూ ఇన్ని రంగులు వేసుకోరు.

తర్వాత దాని ఒడ్డూపొడుగూ చూడాలి. సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా పోయే కడ్డీ ఉండదు. మనం లేడీస్ సైకిలు అనే తీరులో ఫ్రేము కిందికి వంగి ఉంటుంది. ప్యాంటైనా గౌనైనా, పొడుగువాళ్ళయినా పొట్టివాళ్ళయినా, ఎక్కడానికి కాలు గాల్లోకి విసరక్కర్లేదు, ఊరికే లోపలికి అడుగు వేస్తే చాలు. ముందు ఒక బుట్ట. అందులో ల్యాప్‌టాప్ సంచి పడుతుంది. ఆ నేల సముద్రపు పాయకు దగ్గర, చదునుగా ఉంటుంది, కాబట్టి ఆయాసపడే ఎత్తులు లేవు. ఒక భవనం నుంచి ఇంకో భవనంలోని మీటింగుకు వెళ్ళడానికి ఈ మాత్రం చాలు. ఆ చాలినంతలోనే దాని సొగసంతా ఉంది. అవసరానికి మించి ఒక్క మేకు కూడా లేని వస్తువుకు ఉండే నిండుతనం అది.

అయితే నన్ను కట్టిపడేసేది ఎక్కడం కాదు, దిగడం. తెలుగు ఊళ్ళో సైకిలు దిగిన మనిషిని గుర్తుచేసుకోండి. స్టాండు వేస్తాడు, వెనక చక్రం దగ్గరికి వంగుతాడు, తాళం తిప్పుతాడు, పడిందో లేదో ఒకసారి లాగి చూస్తాడు, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి చూస్తాడు. తాళాలు లేని రోజుల్లో మౌంటెన్ వ్యూలో మనిషి స్టాండు వేసి, బుట్టలోంచి సంచి తీసుకుని లోపలికి నడిచేవాడు. అంతే. ఆ వదిలెయ్యడంలో ఎంత హాయి! తిరిగి వచ్చేసరికి ఆ సైకిలు ఉండకపోవచ్చు. దాన్ని ఇంకెవరో తీసుకుపోయి ఉంటారు. ఇంకెవరో తెచ్చి వదిలింది ఇంకోటి ఉంటుంది. పోయినదాని మీద బెంగ లేదు, దొరికినదాని మీద మమకారం లేదు.

ఈ చోట నాకు మన ఆలంకారికులు గుర్తొస్తారు. రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, పరాయివాడిదీ కాదు, ఆ లెక్కలు జారిపోయినప్పుడే రసం పుడుతుందని భట్టనాయకుడు చెప్పాడు. దానికే సాధారణీకరణం అని పేరు. అభినవగుప్తుడు దాన్ని మరింత లోతుకు తీసుకుపోయాడు. నాటకశాలలో ప్రేక్షకుడికి దక్కే ఆ విడుదలలో చిన్న పాలు ఒక యంత్రం ఇవ్వగలదని నేను నమ్ముతాను. తొక్కుతున్నంతసేపూ సైకిలు పూర్తిగా నీది, దిగిన క్షణం నుంచి అసలే కాదు. ఈ రెంటి మధ్యా దస్తావేజు లేదు, చీటీ లేదు. మన ఊళ్ళలో ఒకప్పటి అద్దె సైకిళ్ళ షాపు కూడా నమ్మకం మీదే నడిచేది. కానీ అక్కడ మడ్‌గార్డు మీద నంబరు, నోటుబుక్కులో పేరు, గోడ మీద గడియారం ఉండేవి. అది ముఖం తెలిసినవాళ్ళ మధ్య నమ్మకం. ఇది ముఖం తెలియనివాళ్ళ మధ్య నమ్మకం.

ఈ కల గూగుల్ కన్నది కాదు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువకుల బృందం కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళం వెయ్యకుండా వీధిలో వదిలింది. ఎవరైనా తొక్కవచ్చు, ఎక్కడైనా వదలవచ్చు. తాళం లేకుండా సైకిలు వదలడం నేరమంటూ పోలీసులు వాటిని పట్టుకుపోయారు. అలాంటి తెల్ల సైకిళ్ళు అదే దేశంలోని హోహె వేల్యువె జాతీయవనంలో ఈనాటికీ సందర్శకులందరికీ ఉచితంగా తిరుగుతున్నాయి. గూగుల్ 2007లో మొదలుపెట్టింది. అక్కడి తెలుపులో యజమాని పూర్తిగా మాయమయ్యాడు. ఇక్కడి రంగులు కంపెనీ లోగో రంగులే, యజమాని ఎవరో కనిపిస్తూనే ఉంటాడు. తొక్కే హక్కు ఉద్యోగులదే. రసం ఇక్కడ ఆ మేరకు పలచబడిందని ఒప్పుకోవాలి.

తొక్కే హక్కు ఉద్యోగులదే అంటే ఒప్పుకోని ఊరివాళ్ళు ఉన్నారు. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసిన ప్రకారం, సుమారు 1,100 సైకిళ్ళలో వారానికి 100 నుంచి 250 దాకా కనపడకుండా పోయేవి. వాటిని వెతికి తేవడానికి 30 మంది కాంట్రాక్టు మనుషులు, 5 వ్యాన్లు. కొన్ని వాగుల్లో దొరికాయి. గూగుల్‌లో మీటింగు ముగించుకుని సినిమాకు వెళ్ళడానికి తానూ ఒకటి తొక్కానని అప్పటి మేయరే చెప్పాడు. ఉద్యోగులు ఫోనుతో తెరిచే తాళాలను కంపెనీ పరీక్షించడం మొదలుపెట్టింది.

దీన్ని నమ్మకం ఓడిపోయిన కథగా చదివేవాళ్ళతో నేను ఏకీభవించను. వీధిలో నిలబడి రమ్మని పిలుస్తున్న వస్తువును ఊరు తనదే అనుకుంది. ఆ రంగులు చెప్పిన మాటను పూర్తి అర్థంలో తీసుకుంది. తప్పిపోయినవాటిని వెతికి, వ్యాన్లలో ఎక్కించి తెచ్చిన ఆ 30 మంది శ్రమ లేకపోతే ఈ సొగసు వారం కూడా నిలిచేది కాదు. ఉద్యోగికి దిగి వెనక్కి చూడకుండా పోయే హాయి దక్కాలంటే అతడి తరఫున ఇంకొకరు వెనక్కి చూడాలి. ఈ సైకిలు అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ చేతులను కలుపుకోకపోతే మెప్పు సగమే.

తాళం పడితే ప్రయాణానికి లోటేమీ రాదు, సైకిలు ఎప్పటిలాగే గమ్యం చేరుస్తుంది. కానీ ప్రతిసారీ నువ్వెవరో అది అడుగుతుంది. అందమైన చాలా వస్తువులను మనం భద్రపరిచి కాపాడుకుంటాం. ఈ వస్తువును భద్రపరిస్తే దాని అందమే పోతుంది. పోవడానికి వీలుండటంలోనే దాని విలువ ఉంది. వారానికి 250 పోయినా సరే, దొంగిలించడానికి ఇంత సులువైన సైకిలును ఎవరైనా వీధిలో పెట్టగలిగారంటే, ఆ వీధి అంతమేరకు గొప్పది.