ఉప్పును ఆపే ప్రొటీన్

దివిసీమ శివారు పొలాల్లో వరికి వచ్చే కష్టం నీటి ఎద్దడి ఒక్కటే కాదు. కాలువ నీరు చివరిదాకా అందకపోయినా, సముద్రపు పోటు మురుగు కాలువల గుండా ఎగదన్నినా, నేలలో ఉప్పు పైకి తేలుతుంది. నాగాయలంక, కోడూరు వైపు రైతు దాన్ని చూపుతోనే పోలుస్తాడు. ముందు ముదురాకుల కొనలు పాలిపోతాయి. ఎండు కొననుంచి కిందికి దిగుతుంది. దుబ్బు పిలకలు పెట్టడం మానేస్తుంది. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం వరి వంగడాలు ఈ బాధకు వెతికిన విరుగుడే.

ఒకే మడిలో ఒక రకం మాడిపోతుంది, పక్క రకం తట్టుకుంటుంది. ఆ తేడా మొక్కలో ఎక్కడుందో జన్యువులోని అక్షరాలను చదివి ఊహించే విద్య బయోఇన్ఫర్మేటిక్స్. ఆ ఊహకు పునాది పోలిక. ఎక్కడో ఒక జీవిలో పనితీరు తెలిసిన ప్రొటీన్‌కు కొత్త ప్రొటీన్ అమైనో ఆమ్లాల వరుసతో ఎంత పోలిక ఉందో చూసి, ఆకారాన్నీ పనినీ అంచనా కడతారు.

ఉప్పును తట్టుకునే మన దేశపు పాత వరి నోనా బొక్రాను, ఉప్పుకు ఓర్వని జపాన్ వరి కోషిహికారితో చైనా శాస్త్రవేత్తలు సంకరం చేశారు. సంతానంలో ఏ మొక్క పైభాగంలో పొటాషియం ఎంత ఉంటోందో కొలుస్తూ పోయి, 2005లో ఒకటో క్రోమోజోమ్ మీద ఎస్‌కేసీ1 అనే జన్యువును పట్టుకున్నారు. ఇప్పుడు దాన్నే హెచ్‌కేటీ1;5 అంటున్నారు. దాని నుంచి తయారయ్యే ప్రొటీన్‌లో 550 పైచిలుకు అమైనో ఆమ్లాలుంటాయి. వేరులో నీటిని పైకి చేర్చే నాళాల పక్క కణాల్లో ఇది తూములా కూర్చుని, ఆకుకు పోబోయే సోడియంను పక్కకు తీసేస్తుంది. ఆకులు బతికేది అందుకే.

ఇలాంటి వరుస చేతికొస్తే మొదటి పని వెతుకులాట. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రాం దాన్ని ప్రపంచమంతా పోగుచేసిన వరుసలతో నిమిషాల్లో సరిపోలుస్తుంది. చుట్టాలెవరో తెలుస్తుంది. తర్వాత వరుసలో నీరంటే గిట్టని అమైనో ఆమ్లాల గుంపులు ఎక్కడెక్కడున్నాయో చూస్తారు. అలాంటివి పదేపదే వస్తుంటే ఆ ప్రొటీన్ కణపు పొరలో అటూ ఇటూ దూరి ఉందని అర్థం. అసలు విషయం ఇంకా సన్నం. ఈ కుటుంబపు ప్రొటీన్లలో అయాన్ దూరే ఇరుకు దారి చుట్టూ నాలుగు మెలికలుంటాయి. ఒక్కో మెలికలో ఒక కీలక స్థానం. నాలుగింటా గ్లైసిన్ ఉన్నవి సాధారణంగా పొటాషియంనూ పోనిస్తాయి. మొదటిదాంట్లో గ్లైసిన్‌కు బదులు సెరీన్ ఉంటే సోడియం వైపు మొగ్గుతాయి. హెచ్‌కేటీ1;5లో ఉన్నది సెరీనే. ప్రయోగశాల గడప తొక్కకుండా, ఒక్క అక్షరం చూసి ఇంత చెప్పగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆకారం సంగతి వేరు. దానికి ఒక అచ్చు కావాల్సి వచ్చేది. ఆ అచ్చు వచ్చిన చోటు మన డెల్టా రొయ్య రైతులకు బాగా తెలిసినది. టీఆర్‌కేహెచ్ అనే దూరపు చుట్టపు ప్రొటీన్ స్ఫటిక నిర్మాణం 2011లో వెలువడింది. ఆ ప్రొటీన్ విబ్రియో పారాహీమోలిటికస్ బ్యాక్టీరియాది. వనామీ చెరువు నీటికి పరీక్ష చేయించేటప్పుడు లెక్కపెట్టించే విబ్రియో జాతిలోదే అది. మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ నిర్మాణం మీద వరి ప్రొటీన్‌ను కంప్యూటర్‌లో పేర్చి చూశారు. నోనా బొక్రాకూ కోషిహికారికీ ఈ ప్రొటీన్‌లో ఉన్న తేడాలు నాలుగే. నమూనాలో వాటిలో 395వ స్థానం అయాన్ దారికి దగ్గరగా పడింది. అక్కడ ఒకదాంట్లో వాలీన్, మరొకదాంట్లో ల్యూసీన్. పరిమాణంలో కాస్తంత తేడా ఉన్న అన్నదమ్ములవి. దారి బిగువు మారడానికి ఆ కాస్త చాలవచ్చని వాళ్ల అంచనా.

ఇలా కట్టిన ప్రతి నమూనాకూ ఒక పరీక్ష ఉంది. ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో, ఏ కోణాల్లో అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం లెక్కగట్టింది. నేటికీ ప్రపంచంలో ఎవరు నమూనా కట్టినా రామచంద్రన్ పటంలో పెట్టి చూస్తారు. తప్పు చోట పడ్డ అమైనో ఆమ్లాలు ఎక్కువుంటే ఆ నమూనాను నమ్మరు.

2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఈ పనినంతా ఒక్క గెంతులో ముందుకు నెట్టింది. దాని రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది. కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు మిగతా సగం. ఆల్ఫాఫోల్డ్ ఒక్కో అమైనో ఆమ్లానికీ తన నమ్మకం ఎంతో 100కి మార్కులేసి చెబుతుంది. 90 దాటితే నిబ్బరంగా ఉండొచ్చు, 50 లోపైతే ఆ భాగం ఆకారాన్ని పట్టించుకోకపోవడమే మేలు. అయితే ఒక్క అమైనో ఆమ్లం మారితే ఏమవుతుందని అడిగితే చాలాసార్లు దాదాపు అదే బొమ్మ చేతికిస్తుంది. వాలీన్, ల్యూసీన్ తగవు అది తీర్చదు. అలాంటివి ప్రయోగంలోనే తేలాలి. చైనా బృందం 2005లోనే ఆ జన్యువును కప్ప గుడ్లలో పనిచేయించి, పొర దాటే విద్యుత్తును కొలిచి చూసింది.

వరుసలో పోలిక దొరకని చోట ఆకారంలో దొరికిన ఉదాహరణ కూడా ఆ విబ్రియో దగ్గరే ఉంది. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్ చెరువుల్లో రొయ్య పిల్లలను తుడిచిపెట్టిన ఏహెచ్‌పీఎన్‌డీ జబ్బుకు కారణం ఈ బ్యాక్టీరియాలోనే కొన్ని రకాలు మోసే పిర్ఏ, పిర్‌బీ అనే జంట విషాలు. 2015లో వాటి నిర్మాణం తేలినప్పుడు, అక్షరాల్లో పోలిక నామమాత్రంగా ఉన్నా, అచ్చం బీటీ పత్తిలోని క్రై ప్రొటీన్ కోవలో కనబడ్డాయి. పురుగు పేగుకు చిల్లుపెట్టే ప్రొటీన్ అది. రొయ్య జీర్ణగ్రంథి కణాలను ఈ విషం ఎలా చంపుతుందో ఊహించడానికి అక్కడే దారి దొరికింది.

ఈ సాధనాలు, ఈ సమాచార నిధులు చాలావరకు ఉచితం. మచిలీపట్నంలోనో గుడివాడలోనో బయోటెక్నాలజీ చదివే విద్యార్థికి మామూలు కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే ఇక్కడ చెప్పిన మెట్లన్నీ ఎక్కొచ్చు. చౌడును తట్టుకునే మన వంగడాల్లో ఈ జన్యువును వరుస చదివించి, 395లో ఏముందో, చుట్టుపక్కల ఇంకేం మారిందో చూసి, ఆ జాబితాను మచిలీపట్నం పరిశోధన స్థానంలో ఉప్పునీటి మళ్లలో నారు పెంచి చూసేవాళ్ల ముందు పెట్టాలి. ఆ తేడాల్లో ముందు దేన్ని పరీక్షించాలో అక్కడ తేలుతుంది.