క్లాసిక్: ఎవరు వేసిన లెక్క?

ఈమధ్య ఏ పుస్తకం గురించి మాట్లాడినా రెండో వాక్యంలోనే 'క్లాసిక్' వచ్చేస్తోంది. పాత సినిమా క్లాసిక్, పాత కారు క్లాసిక్, నిన్నగాక మొన్న వచ్చిన కథల పుస్తకం కూడా క్లాసిక్కే. ఇంత ధారాళంగా పంచిపెడుతున్న ఈ బిరుదు పుట్టింది మాత్రం ఆస్తుల చిట్టాలో.

పూర్వం రోమ్‌లో పౌరుల్ని ఆస్తిని బట్టి తరగతులుగా విడగొట్టారు. లాటిన్‌లో ఆ తరగతి పేరు 'క్లాసిస్'. అందరికంటే పై తరగతివాడు 'క్లాసికస్'. క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత ఔలస్ గెల్లియస్ చెప్పిన ప్రకారం 1,25,000 'ఆస్'లు, అంటే అన్ని రాగి నాణేల విలువచేసే ఆస్తి ఉంటే గానీ ఆ పేరు దక్కదు. అట్టడుగువాడు 'ప్రోలెటారియస్'. 'ప్రోలెస్' అంటే సంతానం. రాజ్యానికి పిల్లల్ని తప్ప మరేమీ ఇచ్చుకోలేనివాడని అర్థం.

ఈ మాట సాహిత్యంలోకి వచ్చింది కూడా గెల్లియస్ పుస్తకం 'అట్టిక్ రాత్రులు'లోనే. ఇసుక అనే మాటకి బహువచనం ఉంటుందా అన్న చర్చలో ఫ్రాంటో అనే పండితుడు ఒక దారి చూపిస్తాడు: పాతవాళ్లలో క్లాసికస్ అనదగ్గ రచయిత ఎవరైనా అలా వాడాడేమో వెతకండి, ప్రోలెటారియస్ వాడితే లెక్కలోకి రాదు. వ్యాకరణం తగాదాలో సాక్ష్యానికి కూడా ఆస్తిపరుడే కావాల్సి వచ్చాడన్నమాట!

19వ శతాబ్దంలో ఆ రెండో మాట మార్క్స్ చేతిలో తలెత్తుకుని నిలబడింది. మనం దాన్ని శ్రామికవర్గం అన్నాం. 'ఇది శ్రామికవర్గ సాహిత్యంలో క్లాసిక్' అని మనం అలవోకగా రాసేస్తుంటాం. రోమన్లు విడదీసిన రెండు మాటల్నీ ఒకే వాక్యంలో కూర్చోబెడుతున్నామని మనకి తట్టదు.

తెలుగు సినిమా ఈ విభజనని మరోలా నిలబెట్టింది: క్లాస్, మాస్. 'మాస్'కీ మూలం లాటిన్ 'మస్సా', అంటే ముద్ద. ఒకరికి తరగతి, మిగతావాళ్లంతా ఒకే ముద్ద. థియేటర్ బయట సరదాగా అనుకునే మాటల్లోనూ పాత లెక్క అలాగే ఉంది.

ఇక 'క్లాసికల్ లాంగ్వేజ్' సంగతి. తమిళానికి 2004లో, తెలుగుకి 2008లో ఆ గుర్తింపు వచ్చింది. మనం దాన్ని 'ప్రాచీన హోదా' అన్నాం. 'ప్రాచీన'లో ఉన్నది వయసు, 'హోదా'లో ఉన్నది అంతస్తు. రెండూ కలిసేసరికి పాతదైతే చాలు గొప్పదే అన్న భావన స్థిరపడిపోయింది. ఎంత పాతదో శాసనాలు చూసి తేల్చవచ్చు. ఎంత గొప్పదో తేలాలంటే చదవక తప్పదు. మొదటి పని చేసి రెండోది కూడా అయిపోయిందనుకోవడం మన విమర్శకి బాగా అలవాటైంది.

ఎలియట్ 1944లో క్లాసిక్ అంటే ఏమిటని అడిగి, పరిణతి అని జవాబిచ్చి, వర్జిల్‌ని కొలబద్దగా నిలబెట్టాడు. ఆ కొలబద్ద యూరప్‌ది. మన దగ్గర అదే ప్రశ్నని జాషువా 'గబ్బిలం' (1941) ఇంకా సూటిగా అడిగిందనుకుంటాను. 'మేఘసందేశం' చట్రం, పద్యం నడక, రెండూ పై తరగతి సొత్తుగా చలామణీ అయినవే. ఆయన మేఘాన్ని పక్కనపెట్టి, జనం అశుభమనుకునే గబ్బిలం చేత ఒక దళితుడి గోడు శివుడికి పంపాడు. క్లాసిక్‌ల జాబితాలో నాకూ చోటివ్వండని ప్రాధేయపడటం కాదిది. జాబితా రాసే కలాన్నే అందుకోవడం.

అందుకే ఆ మాట మానేయమని నేననను. వాడినప్పుడు మాత్రం కారణం కూడా రాయాలి. ఈ పుస్తకం దేన్ని మార్చింది, ఎవరికి నోరిచ్చింది, రెండోసారి చదివితే కొత్తగా ఏం దొరికింది? ఇవి చెప్పలేకపోతే, 'నాకు నచ్చింది' అనడంలో నామోషీ ఏమీ లేదు. కారణం చెప్పని 'క్లాసిక్' మాత్రం కొత్త పాఠకుడికి క్లాస్ పీకినట్టే ఉంటుంది.