ప్రకృతి పరిశీలన – జాలరి చూపు

ప్రకృతిని గురించి వ్రాయడమంటే పలాయనమేనన్న అభిప్రాయం మన అభ్యుదయ విమర్శలో బాగా పాతుకొని ఉన్నది. దీనికి చారిత్రక కారణం లేకపోలేదు. ప్రబంధకవి సూర్యోదయ చంద్రోదయాలను అష్టాదశ వర్ణనల లెక్క పూర్తికావడానికి వర్ణించాడు. భావకవి వెన్నెలను తన విరహానికి అద్దంగా వాడుకొన్నాడు. పక్షి పక్షిగానూ, ఏరు ఏరుగానూ ఆ ఇద్దరికీ పెద్దగా అక్కర లేకపోయింది. దీనిని నిరసించడం న్యాయమే. అయితే ఆ నిరసనతోబాటు ప్రకృతిని శ్రద్ధగా చూసే గుణాన్ని కూడా పారవేసుకోవాలా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఒక ఆంగ్లగేయాన్ని ఎత్తుకొంటున్నాను. తెలుగు బోధించేవాడికి ఆంగ్లగేయంతో ఏమి పని అనకండి. వ్రాసినది మన నగరపు కవయిత్రి. పాడినది జాలరుల తీరాన్ని.

సరోజినీ నాయుడు తొలి సంపుటి 'ది గోల్డెన్ త్రెషోల్డ్' 1905లో లండనులో అచ్చయింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలోని ఆమె ఇంటికి ఆ సంపుటి పేరే స్థిరపడింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలిరోజుల్లో నడిచింది అక్కడే. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేటు పొందిన శాస్త్రవేత్త. ఆమెకు దారి చూపిన ఆంగ్ల విమర్శకుడు ఎడ్మండ్ గాస్. ఇంగ్లండు రాబిన్లను, స్కైలార్కులను విడిచిపెట్టి స్వదేశాన్ని పాడమని ఆమెకు సలహా ఇచ్చినట్లు ఆయనే 1912లో 'ది బర్డ్ ఆఫ్ టైమ్' పీఠికలో చెప్పుకొన్నాడు. ఈయన తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ సముద్రజీవులను పరిశీలించి గ్రంథాలు వ్రాసిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. సలహా మంచిదే. పక్షులు మారాయి. చూపు మారిందా?

ఆ సంపుటిలోని 'కోరమండల్ ఫిషర్స్' గేయాన్ని బడిపిల్లలెందరో పాఠంగా చదివారు. తెల్లవారుతుండగా జాలరులు ఒకరినొకరు లేపుకొని తెప్పలు నీటిలోకి నెడతారు. సముద్రం తల్లి, మేఘం సోదరుడు, కెరటాలు సహచరులు. ఒడ్డుమీది చల్లని నీడలకన్న సముద్రపు నురుగే తమకు ఇష్టమంటారు. 1905లో శ్రామికుల నోట 'మేము' అనిపించడం, వారిని దీనులుగా కాక ధీరులుగా నిలపడం చిన్న విషయం కాదు. దానిని గుర్తించకపోతే అది మన సంకుచితత్వమే అవుతుంది. ఒకచోట వారు సముద్రపక్షి అరుపు వెంట సాగుదామంటారు. నా దృష్టిలో గేయం మొత్తంమీద నిజమైన పరిశీలన ఇదే. పక్షులు మూగినచోట నీటికింద చేపల గుంపు ఉండవచ్చునని జాలరికి తెలుసు. ఆ అరుపు అతనికి ఆచూకీ.

తక్కినచోట్ల ప్రకృతి మళ్ళీ అలంకారమే. చేప ఒక్కటీ పేరుతో కనిపించదు. అది అలలమీది సంపద మాత్రమే. తెప్ప ఎవరిది, పట్టిన చేపకు ధర కట్టేదెవరు అన్న ప్రశ్న రాదు. జాలరులు తమను సముద్రానికి రాజులమనుకొంటారు. ఒడ్డు చేరాక ఆ రాజులు వర్తకునికి ఎంత బాకీ ఉన్నారో గేయానికి పట్టదు. తుపానులో తమ ప్రాణాలను సముద్రదేవుడే దాచుకొంటాడని ధీమాగా ఉంటారు. తీరంలోని జాలరి దేవునికి మొక్కుతాడు నిజమే. కాని గాలి దిక్కు, నీటి రంగు చూడకుండా తెప్ప వేయడు.

కోరమండల్ పేరునే శీర్షికలో మోసే మరొక గ్రంథమున్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వివరాలు 1803లో లండనులో రెండు సంపుటాలుగా వెలువడినాయి. చాలా చేపలకు ఆయన స్థానికులు పిలిచే పేర్లనే నమోదు చేశాడు. వాటిలో కనగుర్త ఒకటి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే 1816లో ఆ చేపకు శాస్త్రనామం పెట్టినప్పుడు ఆ తెలుగు మాటనే తీసుకొన్నాడు. నేటికీ ప్రపంచమంతటా దాని శాస్త్రనామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఒక చేపను మరొకదానినుంచి వేరుచేసి పేరు పెట్టిన పరిశీలన ఎవరిది? వల లాగినవారిది. చేప పేరు శాస్త్రంలో నిలిచింది. ఆ పేరు చెప్పినవారి పేర్లు నిలవలేదు. కంపెనీ మన సరుకులతోబాటు మన జ్ఞానాన్ని కూడా ఓడ ఎక్కించింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రస్సెల్ గ్రంథంలో చేపలున్నాయి, జాలరి లేడు. సరోజినీ నాయుడు గేయంలో జాలరులున్నారు, చేప లేదు. శ్రమను, జ్ఞానాన్ని విడదీసిన సమాజంలో శాస్త్రమూ కవిత్వమూ చెరొక సగాన్ని పట్టుకొన్నాయి. మనిషి ఇంద్రియాలు సైతం చరిత్రలో రూపొందినవేనని మార్క్స్ 1844 నాటి రచనల్లో వివరించాడు. నీటిమీది కదలికను చూసి చేపను పసిగట్టే కన్ను తరతరాల పనిలో అట్లా తయారైనదే. 1653లో 'ది కంప్లీట్ ఆంగ్లర్' వ్రాసిన ఐజాక్ వాల్టన్ తీరికగా గాలం వేస్తూ చేపల అలవాట్లను ప్రేమతో వర్ణించాడు. ఆ ప్రేమను నేను శంకించను. తీరిక లేనివాడికి ఆ ప్రేమ ఉండదనుకోవడమే అన్యాయం.

దీనికోసం తీరందాకా పోనక్కరలేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తెనాడు ఉబ్బసరోగులు వేలసంఖ్యలో చేరి, మందు పెట్టిన చిన్న కొరమీనును బతికుండగానే మింగుతారు. ఆ మందు గుణమిస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. కాని ఊపిరికోసం వచ్చినవారు మింగే ఆ చేప, నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనే చేప. కొద్దిపాటి నీటిలో అది బతికి ఉండడానికి కారణమదే. ఈ సంగతి చెరువులో దానిని పట్టినవాడికి తెలుసు. ఆ జనసమ్మర్దాన్ని గురించి వ్రాసే మనం మూఢనమ్మకాన్ని ఖండించి ఊరుకొంటున్నాము. చేపవైపు, దానిని తెచ్చినవానివైపు తిరిగి చూడడం లేదు.

ఈ నిర్లక్ష్యం సాహిత్యంతో ఆగిపోదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లుపెట్టే కాలమని, 61 రోజులు యంత్రపు పడవల వేట నిషేధిస్తున్నారు. ఇటువంటి నిర్ణయాలు జరిగేచోట జాలరి సహాయం అందుకొనేవాడుగానే కనబడుతున్నాడా, సముద్రం తెలిసినవాడుగా కూడానా? అతనికి తెలిసినదానిని జ్ఞానమని అంగీకరించే సంస్కారాన్ని పెంచడం సాహిత్యం పని. కనుక కథలు వ్రాసే విద్యార్థిమిత్రులకు నా మనవి ఒక్కటే. 'ఏదో పిట్ట', 'ఏవో చేపలు' అని వ్రాయబోయే ముందు కలం ఆపి, వాటి పేరు తెలిసినవారి దగ్గరకు వెళ్ళి అడగండి. ఆ పేరుతోబాటు వారి బతుకు కూడా తెలుస్తుంది.