తప్పుకు చోటిచ్చిన పనితనం

తూప్రాన్‌లో ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకుంటే గోడకు ఒక డబ్బా బిగిస్తారు. పాన్ లైటు నిలకడగా వెలుగుతుంటే ఇంట్లో అందరికీ నిశ్చింత. ఎల్ఓఎస్ లైటు ఎర్రబడితే కేబుల్ అన్నకు ఫోన్. ఆ రెండు లైట్లకు మించి దాని గురించి తెలుసుకోవాల్సిన అవసరం చాలామందికి రాదు. కానీ ఇంట్లోని ఫోన్లు, టీవీ, పిల్లల ట్యాబ్, గేటు దగ్గరి కెమెరా బయటి ప్రపంచంతో మాట్లాడే ప్రతి మాటా దాని గుండానే పోతుంది. లోపల ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచేశారు అని అడిగితే ఇంటివాళ్ల దగ్గర జవాబుండదు. ఆ జవాబును ఇంటివాళ్ల చేతికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. ప్రకటనల బెడద పోతుందని దాన్ని ఇంట్లో పెట్టుకున్నాను. వాడుతున్నకొద్దీ దాన్ని కట్టిన తీరు చూసి ముచ్చటేసింది. మనిషి తప్పు చేస్తాడని, కరెంటు పోతుందని, చోటు చాలదని ముందే లెక్కలో వేసుకుని కట్టిన పని అది.

దాని పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటర్‌ను తెచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీని సిస్కో కొన్నది. 2003లోనే ఆండ్రూ మిక్లాస్ అనే ప్రోగ్రామర్ ఆ రౌటర్ ఫర్మ్‌వేర్‌లో, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, లినక్స్ ఉందని గమనించి, లినక్స్ డెవలపర్ల దృష్టికి తెచ్చాడు. లినక్స్ వాడుకుని వస్తువు అమ్మినవారు దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలన్నది జీపీఎల్ లైసెన్సు షరతు. అడిగేవారు పెరిగాక కోడ్ బయటకు వచ్చింది. దాన్ని పట్టుకుని 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరు చివర ఉన్న ఆ మూడక్షరాలు ఆ పాత రౌటర్‌వే. 2016లో అందులో కొందరు విడిపోయి లీడ్ అనే పేరుతో వేరు కుంపటి పెట్టారు, 2018లో మళ్లీ కలిశారు. ఒక కంపెనీ సొత్తు కాకుండా, దేశదేశాల వాళ్లు కలిసి ఇరవై ఏళ్లకు పైగా కాపాడుకొస్తున్న పని ఇది. మన దగ్గర హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ విద్యార్థులకు చెబుతూ వస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాటకు ఇంట్లో చేత్తో పట్టుకుని చూపించగల ఉదాహరణ.

ప్రకటనలు ఆపడానికి ఇంత పని ఎందుకని అడగవచ్చు. తూప్రాన్ లాంటి ఊళ్లో ప్రకటన అంటే కంటికి చికాకు ఒక్కటే కాదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. ఆ తర్వాత కూడా దాని ప్రకటనలు ఫోన్లలో కనబడుతూనే వచ్చాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద దేశమంతటికీ వర్తించే చట్టం 2025లో గానీ రాలేదు. లోన్ యాప్‌ల వేధింపుల మీద 2020 చివర్లో తెలంగాణ పోలీసులు వరసబెట్టి కేసులు పెట్టారు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఈ ఊరి చుట్టూ, మనోహరాబాద్, కాళ్లకల్ వైపు, ఫ్యాక్టరీల్లో నెలజీతానికి పనిచేసే కుర్రాళ్లు ఎంతోమంది. ‘అయిదు నిమిషాల్లో అప్పు’ అనే ప్రకటన వాళ్ల చేతిలోని ఫోన్‌ను వెతుక్కుంటూ వస్తుంది. పిల్లలు ఆడుకునే ఆటలో ‘మూసెయ్’ గుర్తును ఆవగింజంత చేసి, వేలు పక్కకు పడేలా పెడతారు. దీన్ని ఫోన్ ఫోన్‌కూ విడిగా ఆపడం కుదరని పని. టీవీలో అయితే ఆపే యాప్ పెట్టుకునే వీలే చాలాసార్లు ఉండదు.

అందుకే రౌటర్ దగ్గరే ఆపాలి. చెరువు కింది ఆయకట్టంతటికీ తూము దగ్గర నీరటి ఒక్కడున్నట్టు, ఇంటి మొత్తానికి ఆ ఒక్క చోట కాపలా పెడితే చాలు. అది పనిచేసే పద్ధతి ఇది. ఏ యాప్ అయినా బయటి సర్వర్‌ను చేరాలంటే ముందు దాని పేరు చెప్పి అంకెల చిరునామా అడుగుతుంది. ఈ పేర్ల పట్టీ వ్యవస్థ డీఎన్ఎస్. దీన్ని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. ఇంట్లో ఆ ప్రశ్నలన్నీ రౌటర్‌కే వస్తాయి. అక్కడ జవాబు చెప్పేది డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్. దాన్ని రాసి, ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాడు సైమన్ కెల్లీ. ప్రకటనల సర్వర్ పేరు అడిగితే డీఎన్ఎస్‌మాస్క్ తప్పుడు చిరునామా ఇవ్వదు, జవాబు చెప్పకుండా నాన్చదు. ‘అలాంటి పేరు లేదు’ అని వెంటనే చెప్పేస్తుంది. ఆ తక్షణ జవాబులోనే పనితనం ఉంది. ఫోన్ ఎదురుచూస్తూ కూర్చోదు, పేజీ మిగతా భాగం టక్కున తెరుచుకుంటుంది.

ఇక పెట్టుకునే పని. ముందు రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ చూడాలి. మన దుకాణాల్లో బాగా అమ్ముడైన టీపీ-లింక్ ఆర్చర్ సీ6నే తీసుకోండి. పేరు ఒకటే. రెండో వెర్షన్‌లో క్వాల్‌కామ్ చిప్, మూడో వెర్షన్‌లో మీడియాటెక్ చిప్. ఒకదాని ఫర్మ్‌వేర్ మరొకదానికి పనికిరాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల పరికరాల పట్టికలో పేరు, వెర్షన్ రెండూ సరిపోయాకే ముందుకు పోవాలి. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా జోలికి పోవద్దు. దాన్ని అలాగే ఉంచి, వెనక మన రౌటర్ తగిలించుకోవాలి. ‘అన్నా, మీ డబ్బా బ్రిడ్జ్ మోడ్‌ల పెట్టు, లాగిన్ నేను నా రౌటర్‌ల కొట్టుకుంట’ అంటే కేబుల్ అన్నకు విషయం అర్థమైపోతుంది. ఆ లాగిన్‌కు వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయించుకుంటే చాలు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి, కంపెనీ ఇచ్చిన సెట్టింగుల పేజీ నుంచే కొత్త ఫైలు ఎక్కించడం. రెండు మూడు నిమిషాలు కరెంటు పోకుండా చూసుకోవాలి, ఇన్వర్టర్ ఉంటే మంచిది. మొదటిసారి లేచినప్పుడు వైఫై రాదు. పాడైందేమో అనుకుని కంగారు పడతారు గానీ అది కావాలని చేసిందే. పాస్‌వర్డ్ పెట్టని వైఫైని వీధిలోకి వదలకూడదని, యజమాని వచ్చి తాళం వేసేదాకా రేడియోను ఆపి ఉంచుతారు.

లోపలి కట్టుబడి ఇంకా బాగుంటుంది. ఆర్చర్ సీ6 మూడో వెర్షన్‌లో శాశ్వత నిల్వ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీ. ఆ కొద్ది చోటును రెండు పొరలుగా విడదీశారు. కింది పొర స్క్వాష్‌ఎఫ్ఎస్. అందులో అసలు వ్యవస్థ అంతా గట్టిగా కుదించి ఉంటుంది, నడుస్తుండగా దాన్ని ఎవరూ తిరగరాయలేరు. పై పొర జేఎఫ్ఎఫ్ఎస్2. మనం మార్చిన సెట్టింగులు, కొత్తగా వేసుకున్న ప్యాకేజీలు అక్కడికే పోతాయి. రెండూ కలిసి ఒకే వ్యవస్థలా కనబడతాయి. సెట్టింగులు ఎంత చెడగొట్టుకున్నా చెడింది పై పొరే, కింద ఉన్నది చెక్కుచెదరదు. రీసెట్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే పై పొర తుడుచుకుపోయి మొదటి రోజుకు వచ్చేస్తుంది. అంతదాకా కూడా పోకుండా మధ్యలో ఇంకో మెట్టు ఉంది. ఆన్ చేసిన కాసేపటికి లైటు మినుకుమన్నప్పుడు బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్ మోడ్‌లోకి లేస్తుంది. పై పొరను పక్కనబెట్టి కింది పొర ఒక్కదానితోనే నిలబడుతుంది. మన సెట్టింగులు పోగొట్టుకోకుండానే, ఎక్కడ పొరపాటు జరిగిందో వెతికి దిద్దుకోవచ్చు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది సెట్టింగుల పేజీలో ఉంది. ఆ పేజీ పేరు లూసీ. రౌటర్ చిరునామానో ఫైర్‌వాల్ నియమాన్నో మార్చి ‘సేవ్ అండ్ అప్లై’ నొక్కామనుకోండి. రౌటర్ కొత్త సెట్టింగు అమలు చేసి, మన బ్రౌజర్ మళ్లీ వచ్చి పలకరిస్తుందా అని ఎదురుచూస్తుంది. గడువు 90 సెకన్లు. ఆలోగా పలకరింపు రాకపోతే, ఆ మార్పు వల్ల యజమానే బయట చిక్కుకున్నాడని అర్థం చేసుకుని పాత సెట్టింగుకు తిరిగిపోతుంది. చాలా యంత్రాలు మనం ఏం చెబితే అది చేసి, తలుపు మూసుకుంటాయి. ఇది చెప్పింది చేసి, చెప్పినవాడు క్షేమమేనా అని చూస్తుంది. ఇరవై ఏళ్లుగా తమ రౌటర్ల బయట తామే చిక్కుకున్న ఎందరి అనుభవమో ఆ గడువులో ఉంది.

ఇక గాలివానకు కరెంటు పోయి వచ్చిన సమయం చూడండి. ఇలాంటి మామూలు రౌటర్లలో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోతే రౌటర్ టైము మరచిపోతుంది, లేచేసరికి దాని లెక్కలో 1970 జనవరి. ఆ తేదీతో సురక్షిత వెబ్‌సైట్ దేనికి పోయినా ‘ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు’ అని తిరగ్గొడుతుంది. దీనికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ చేసిన ఉపాయం కొద్ది వరసల స్క్రిప్టు. సెట్టింగుల ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్త ఫైలు ఏదో చూసి, దాని తేదీనే ప్రస్తుతానికి గడియారంలో పెట్టేస్తుంది. ఆ ఫైలు రాసిన రోజు కన్నా ఇప్పుడు ముందు అయ్యే అవకాశం లేదు కదా. కొన్ని రోజులు వెనకబడినా ఫర్వాలేదు, యాభై ఏళ్లు వెనకబడితేనే చిక్కు. నెట్ రాగానే టైము చెప్పే ఎన్‌టీపీ సర్వర్లను అడిగి అసలు టైము దిద్దుకుంటుంది.

ఆ వెంటనే ప్రకటనల కాపలా మొదలవుతుంది. యాడ్‌బ్లాక్ అనే ప్యాకేజీ నిరోధక జాబితాలను ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది, శాశ్వత నిల్వ ఉండే ఫ్లాష్ అరగకుండా. కాబట్టి కరెంటుతో పాటే అవీ పోతాయి, నెట్ రాగానే మళ్లీ దించుకోవాలి. వేలకు వేల పేర్లు, వేర్వేరు జాబితాల్లో అవే మళ్లీ మళ్లీ. వాటిని చిన్న ర్యామ్‌లో ఇరికించడానికి చేసిన యుక్తి చూడండి. ‘యాడ్స్.కంపెనీ.కామ్’ అనే పేరును తిరగేసి ‘కామ్.కంపెనీ.యాడ్స్’ అని రాస్తుంది. అన్నీ తిరగేశాక అకారాది క్రమంలో పేరుస్తుంది. ఇప్పుడు ‘కామ్.కంపెనీ’ అన్న పేరు జాబితాలో ఉంటే దాని పిల్లల పేర్లన్నీ దాని వెనకే వచ్చి చేరతాయి. తల్లి పేరును ఆపితే పిల్లల పేర్లు ఎలాగూ ఆగుతాయి కాబట్టి, కింద ఉన్నవాటిని కొట్టేసుకుంటూ ఒక్కసారి పైనుంచి కిందికి చదివితే పని పూర్తి. పెద్ద డేటాబేస్ అక్కర్లేదు, పాతకాలపు యూనిక్స్ పరికరాలైన సార్ట్, ఆక్ చాలు. తిరగేసి చదవడమనే ఒక్క ఆలోచనతో ఎంత బరువు దిగిపోయిందో చూస్తే, రాసినవారికి నమస్కరించాలనిపిస్తుంది.

దీనికి అందనివి కూడా ఉన్నాయి. యూట్యూబ్‌లో ప్రకటన, వీడియో ఒకే సర్వర్ల నుంచి వస్తాయి కాబట్టి పేరు చూసి వాటిని వేరుచేయలేం. కొన్ని యాప్‌లు, బ్రౌజర్లు డీఎన్ఎస్ ప్రశ్నను మామూలు సురక్షిత వెబ్ రాకపోకల్లో కలిపి, రౌటర్‌ను దాటించి తమ సర్వర్‌కే పంపుతాయి. 2018లో ప్రమాణంగా వచ్చిన పద్ధతి అది. ఫైర్‌ఫాక్స్ మాత్రం ముందుగా ఒక గుర్తు పేరు అడిగి చూస్తుంది. రౌటర్ ‘అది లేదు’ అంటే, మనం ప్రత్యేకంగా ఎంచుకోనంతవరకు, ఈ ఇంట్లో కాపలా ఉందని గ్రహించి తన సొంతదారి మానుకుంటుంది. ఎప్పుడైనా పేమెంట్ పేజీ తెరుచుకోకపోతే, లాగ్‌లో ఆగిన పేరు చూసి అనుమతి జాబితాలో వేయాలి. జాబితా ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవద్దు. 128 ఎంబీ ర్యామ్‌కు మధ్యస్థమైన జాబితా చాలు. ప్రకటనల మీదే బతికే మంచి తెలుగు వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. రోజూ చదివేవాటిని అనుమతి జాబితాలో పెట్టుకోవడం పాఠకుడి ధర్మం. నేను అలాగే చేస్తున్నాను.

2024 చివర్లో ఈ ప్రాజెక్టు తన సొంత రౌటర్‌నే తెచ్చింది. దాని పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థతో కలిసి రూపొందించారు, ‘బనానా పై’ వాళ్లు తయారు చేశారు. అమ్మిన ప్రతి పెట్టె మీద 10 డాలర్లు ప్రాజెక్టు నిధికి పోతాయి. అందులో ఫ్లాష్ చిప్‌లు రెండు, వాటి మధ్య ఒక స్విచ్. రోజూ నడిచేది ఒకటి, అది చెడితే బాగుచేయడానికి రెండోది. రెండు పొరల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆలోచనే ఇక్కడ బోర్డు మీదికి వచ్చింది. ఇంటివాడు చేయబోయే తప్పుకు దారి ముందే వదిలిపెట్టారు.

అంతటి కొత్త పెట్టె కొనాల్సిన పనిలేదు. అటక మీద పడేసిన పాత రౌటర్ దించండి. అడుగున ఉన్న వెర్షన్ చదవండి. పట్టికలో దాని పేరు ఉంటే, ఇంటి నెట్‌ను కదిలించకుండా పక్కన పెట్టుకుని దాని మీద నేర్చుకోండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఎన్నో పాత రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త విడుదలలు వస్తూనే ఉన్నాయి. తూప్రాన్ బజారులో ఫోన్ విప్పి బాగుచేసే కుర్రాడికి ఈ పని కష్టమేమీ కాదు. కోడ్ అంతా తెరిచే ఉంది, డబ్బులు అడిగేవారు లేరు. ఒకరు నేర్చుకుంటే వీధిలో పదిళ్లకు పెట్టివ్వగలరు, వచ్చేవారానికి నలుగురు పిల్లలకు చూపించగలరు కూడా.